కొనే ముందు ఫోన్‌ను ఏం అడగాలి?

(తిరుపతిలో ఒక కాలనీ సంఘం హాల్లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? ఫ్యాన్ మోతలో మాట కలిసిపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గర పెట్టుకుంటాను.

ఇంట్లోకి ఒక వస్తువు కొనాలి. ఏసీ కావచ్చు, మిక్సీ కావచ్చు, వాటర్ ఫిల్టర్ కావచ్చు. ఇదివరకు ఏం చేసేవాళ్ళం? గాంధీ రోడ్డులో నాలుగు అంగళ్ళు తిరిగేవాళ్ళం. చిత్తూరోళ్ళు వేలూరికి పొయ్యేవాళ్ళు, ఇక్కడోళ్ళు మద్రాసుకు పొయ్యేవాళ్ళు. ఇప్పుడు మంచం మీద కూర్చుని ఫోన్ తీస్తే నలభై మోడళ్ళు, వేల రివ్యూలు, ప్రతిదాని కిందా రేటింగు. ఇంత సమాచారం చేతిలో ఉండి కూడా, వస్తువు ఇంటికొచ్చిన ఆర్నెల్లకు "అయ్యో, ఇది తీసుకోకుండా ఉండాల్సింది" అని ఎందుకు అనుకుంటున్నాం?

ఎందుకంటే, ఫోన్ చూపించింది చూస్తున్నాం గానీ మనకు కావాల్సింది అడగడం లేదు. ఆ రివ్యూ రాసినాయన ఏ ఢిల్లీలోనో పుణేలోనో ఉంటాడు. ఆయన ఇంటి నీళ్ళు వేరు, మన బోరు నీళ్ళు వేరు. ఆయన ఊరి ఎండ వేరు, మన మే నెల వేరు. ఆయన ఫోన్ చేస్తే మెకానిక్కు సాయంత్రానికి వస్తాడు. మనకు వస్తాడా? మన నీళ్ళు, మన ఎండ, మన పిన్‌కోడ్. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఏ యాప్ తెరిచినా, ఏ రివ్యూ చదివినా ఈ మూడిటి గురించే వెతకండి.

యాప్ తెరవక ముందు ఒక కాగితం తీసుకోండి. కాగితం ఎందుకంటే, యాప్ తెరిచాక మన అవసరం మారిపోతుంది. 180 లీటర్ల ఫ్రిజ్ చాలనుకుని మొదలుపెట్టినవాళ్ళు "ఇంకో మూడు వేలేస్తే 240 వస్తుంది కదా" అని జరుగుతూ జరుగుతూ 300 దగ్గర తేలతారు. అందుకని ముందే రాసేయండి. గది ఎన్ని అడుగులు, ఏ అంతస్తు, పైన ఎండ తగిలే మిద్దె ఉందా, రోజుకు ఎన్ని గంటలు వాడతాం, ఫ్రిజ్ అయితే పెట్టే చోట వెడల్పు ఎంత, తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా. ఆఖర్న మొత్తం డబ్బు. మొత్తం అంటే మొత్తం. ఏసీకి తెరమీద కనబడే రేటు ఒకటి. బిగించడానికి కూలి, బయటి యూనిట్‌కు స్టాండు, రాగి పైపు మామూలుగా ఇచ్చే మూడు మీటర్లు దాటితే అదనపు పైపుకు డబ్బు, గోడకు రంధ్రం, స్టెబిలైజరు. ఇవన్నీ కలిపితే వచ్చేదే అసలు రేటు. రెండు ఏసీలను పోల్చేటప్పుడు ఆ అసలు రేట్లనే పక్కపక్కన పెట్టండి.

రెండోది మోడల్ నంబరు. సిరీస్ పేరు చూసి పోల్చొద్దు, మోడల్ నంబరు చూసి పోల్చండి. ఒకే పేరుతో ఏటా వస్తువులు వస్తుంటాయి, చివర ఒక అక్షరం మారుతుంది. ఆ ఒక్క అక్షరంలో మోటారు మారవచ్చు, వారంటీ మారవచ్చు, మిక్సీకి మూడు జార్లకు బదులు రెండే రావచ్చు. లిస్టింగులో మోడల్ నంబరును నొక్కిపట్టి కాపీ చేసి, కంపెనీ సొంత సైటులో వెతకండి. అక్కడున్న వివరాలే ప్రమాణం. అమ్మకం పేజీలో ఎవరో టైపు చేసిన వివరాల్లో తప్పులు సర్వసాధారణం. 91మొబైల్స్, స్మార్ట్‌ప్రిక్స్ లాంటి పోలిక సైట్లలో రెండు మూడు మోడళ్ళు పక్కపక్కన పట్టికలో కనబడతాయి, బాగా పనికొస్తాయి. అయితే వాటికి ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? మనం వాళ్ళ లింకు నొక్కి కొంటే కమీషన్, పైన ప్రకటనలు. కాబట్టి అన్నిటికంటే పైన వచ్చింది మంచిదని కాదు. పట్టిక వాడుకోండి, వరుసను నమ్మొద్దు.

ఫ్రిజ్‌లో ఇంకో చిన్న కిటుకు ఉంది. పెద్ద అక్షరాల్లో రాసే లీటర్లు మొత్తం లోపలి కొలత. నిజంగా సామాను పట్టే లీటర్లు వేరే అంకెగా ఉంటాయి, అవి తక్కువ. రెండు ఫ్రిజ్‌లు పోల్చేటప్పుడు ఒకదానికి ఇదీ ఇంకోదానికి అదీ చూస్తే లెక్క తప్పుతుంది.

సరే, ఇప్పుడు ఏసీ. ఇది కాస్త నిదానంగా చూద్దాం, డబ్బు ఎక్కువ పొయ్యేది దీని దగ్గరే కాబట్టి. పెన్నున్నవాళ్ళు రాసుకోండి.

ఏసీ మీద బీఈఈ లేబుల్ ఉంటుంది, బీఈఈ అంటే కరెంటు పొదుపు సంగతి చూసే కేంద్ర సంస్థ. అందరూ స్టార్లు లెక్కపెడతారు. స్టార్ల కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది, అది ఎంతమంది చూస్తారు? ఆ అంకె ఏడాదికి 1600 గంటలు నడిస్తే అయ్యే కరెంటు. ఉదాహరణకు ఒకదాని మీద 1000 యూనిట్లు, ఇంకోదాని మీద 750 ఉందనుకుందాం. తేడా 250. ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీయండి. మన బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కదా? ఏసీ వేసినందువల్ల పెరిగే యూనిట్లు మీ బిల్లులో పై శ్లాబుల రేటుకే పడతాయి, సగటు రేటుకు కాదు. చివరి శ్లాబు 8 రూపాయల 75 పైసలు అనుకుంటే, 250 యూనిట్లకు 2,187 రూపాయలు. రెండు ఏసీల మధ్య ధర తేడా 8,000 అయితే, మూడున్నర నాలుగేళ్ళలో ఆ తేడా తిరిగొస్తుంది.

ఆగండి, లెక్క ఇంకా అయిపోలేదు. మీరు 1600 గంటలు వాడతారా? రాత్రి ఎనిమిది గంటల చొప్పున నాలుగు నెలలు వాడితే 960 గంటలు. అంటే అందులో 60 శాతం. అప్పుడు మిగిలేది 150 యూనిట్లు, సుమారు 1,312 రూపాయలు. అదే 8,000 తిరిగి రావడానికి ఆరేళ్ళు పడుతుంది. చూశారా, ఒకే రెండు ఏసీలు, ఒక ఇంటికి ఫైవ్ స్టార్ లాభం, ఇంకో ఇంటికి త్రీ స్టారే చాలు. ఇంట్లో పెద్దవాళ్ళుండి పగలూ రాత్రీ నడుస్తుందా, పడుకునేటప్పుడు మాత్రమేనా? ఈ సంగతి ఏ రివ్యూ చెప్పదు. మీ కాగితమే చెప్పాలి.

లేబుల్ మీద అది ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది. ఎందుకు చూడమంటున్నానంటే, స్టార్లిచ్చే కొలత మధ్యమధ్యలో బిగిస్తారు. 2022 జూలైలో ఏసీలకు అలా బిగించినప్పుడు అంతకుముందు ఫైవ్ స్టార్ అనిపించుకున్నవి ఒక మెట్టు కిందికి దిగాయి. పాత స్టాకు చవగ్గా కనబడితే స్టార్లు చూసి మురిసిపోకుండా యూనిట్ల అంకె పోల్చండి. బీఈఈ వాళ్ళ స్టార్ లేబుల్ యాప్‌లో మోడల్ నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు.

ఇక మన ఎండ సంగతి. ఏసీకి టన్నులు కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మనకు మే నెలలో 35 ఎప్పుడుంటుంది, తెల్లారుజామునా? మిట్టమధ్యాహ్నం 42 ఉన్నప్పుడు అదే ఏసీ చల్లబరిచే శక్తి తగ్గుతుంది. కంపెనీ సైటులో ఎంత వేడి దాకా పనిచేస్తుందో రాస్తారు, అది చూడండి. రివ్యూల్లో వెతికే పెట్టెలో ఇంగ్లీషులో సమ్మర్ అని, టాప్ ఫ్లోర్ అని కొట్టండి. మిద్దె కింది గదిలో వేసినవాళ్ళు ఏమంటున్నారో అదే మనకు కావాలి. డిసెంబరులో కొని డిసెంబరులోనే రాసిన రివ్యూతో మనకేం పని?

రివ్యూల దగ్గరికి వద్దాం. ముందు సగటు అంకె. 4.8 ఉన్న వస్తువు, 4.3 ఉన్న వస్తువు. ఏది మంచిది? అందరూ 4.8 అంటారు. అది ఎంతమంది ఇచ్చింది? నలభై మంది. 4.3 ఇచ్చింది పన్నెండు వేల మంది. రెండిటికీ రేపు పదేసి మంది ఒక్క స్టార్ చొప్పున ఇచ్చారనుకోండి. మొదటిది 4.04కు పడిపోతుంది. రెండోది కదలదు, 4.3 దగ్గరే ఉంటుంది. కాబట్టి కొద్దిమంది ఇచ్చిన రేటింగు ఇంకా కుదురుకోలేదని అర్థం. ఆ నలభై మందిలో అమ్మేవాళ్ళ మనుషులు పదిమందున్నా బొమ్మంతా మారిపోతుంది.

తర్వాత ఐదు నుంచి ఒకటి దాకా ఉన్న గీతలు చూడండి. ఐదు చాలా పొడుగు, ఒకటి కూడా పొడుగే, మధ్యలో ఏమీ లేదు. అలా ఉంటే, పనిచేసినవాళ్ళకు బాగా పనిచేసింది, చెడినవాళ్ళకు పూర్తిగా చెడింది. తయారీ ఒకే తీరుగా లేదన్నమాట. చదవడం మొదలుపెట్టేది ఐదు స్టార్ల దగ్గర కాదు, ఒక స్టారు దగ్గరా కాదు. రెండు, మూడు స్టార్లిచ్చినవాళ్ళు నింపాదిగా రాస్తారు, ఇది బాగుంది ఇది బాలేదు అని విడమరిచి చెబుతారు. వరుసను "కొత్తవి ముందు" అని మార్చుకోండి. మామూలుగా పైన కనబడేవి ఏళ్ళనాటి రివ్యూలు కావచ్చు, ఈ మధ్య తయారీ మారి ఉండొచ్చు. ఒకసారి అన్నిటికంటే పాత రివ్యూ దాకా కూడా పొయ్యి చూడండి. మిక్సీ పేజీలో పాత రివ్యూలన్నీ ఏ టేబుల్ ఫ్యాన్ గురించో ఉంటే, పాత పేజీ రేటింగును కొత్త వస్తువుకు తగిలించారని తెలిసిపోతుంది. రెండు మూడు సైజుల రివ్యూలు ఒకే చోట కలిపేయడం కూడా ఉంటుంది, మీరు కొనే సైజుకు వచ్చినవి వేరు చేసుకోండి.

"వెరిఫైడ్ అని ఉంది కదా" అంటారు. అది కొన్నాడని చెబుతుంది, నిజం రాశాడని చెప్పదు. పెట్టెలో చిన్న కార్డు వస్తుంది చూడండి, ఐదు స్టార్లు పెట్టి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలని. అలా వచ్చినవి కూడా వెరిఫైడే. అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళలా నటించి రివ్యూ రాయడం 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. 2022 నవంబరులో రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అని వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్, ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది, కానీ దాన్ని పాటించడం స్వచ్ఛందం. దొంగ రివ్యూలు పట్టే ఫేక్‌స్పాట్ అనే సాధనం ఉండేది, దాన్ని 2025 జూలైలో మూసేశారు. కాబట్టి ఆ పని మన కళ్ళే చేయాలి. ఒకే వారంలో గుంపుగా వచ్చినవి, ఒకే మాట అటుతిప్పి ఇటుతిప్పి రాసినవి, వస్తువు పూర్తి పేరుతో మొదలై "చాలా బాగుంది, అందరూ కొనండి" అని ముగిసేవి పక్కన పెట్టేయండి. రివ్యూల పైన యంత్రం రాసిన నాలుగు ముక్కల సారాంశం వస్తోంది ఇప్పుడు. అక్కడే ఆగొద్దు. మనకు కావాల్సిన ఒక్క ఫిర్యాదూ ఆ సగటులో కలిసి మాయమైపోతుంది.

ఫిర్యాదు చదివినప్పుడు కారణం ఊహించడం నేర్చుకోవాలి. ఇది ముఖ్యం, అందుకే మిక్సీ తీసుకుని చూపిస్తాను. ఒకాయన రాస్తాడు, "రెండో రోజే మోటారు ఆగిపోయింది, చెత్త." ఇంకొకామె, "జార్ కింద రబ్బరు అరిగిపోయింది." ఇంకొకరు, "జార్ అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి, వారంటీలో ఉన్నా పట్టించుకోలేదు." మూడూ ఒక స్టారే. మూడూ ఒకటేనా?

మొదటిది చాలాసార్లు లోపమే కాదు. మిక్సీ అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా కరెంటు తెంపేస్తుంది. జారు తీసి, కాసేపు చల్లారనిచ్చి, ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. కొన్ని మిక్సీల మీద ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని రాసే ఉంటుంది. చెనక్కాయల ఊరిబిండి గట్టిగా, నీళ్ళు లేకుండా నిండా వేసి తిప్పితే ఏ మిక్సీ అయినా ఆగుతుంది. రెండోది కప్లర్. అరిగే వస్తువే అది, చవక, ఊళ్ళో దొరికితే చాలు. మూడోది మాత్రం ఆలోచించాల్సింది. జార్ బుష్ దగ్గర, అంటే అడుగున బ్లేడు ఇరుసు తిరిగే చోట లీకు, దానికి తోడు సర్వీసు రాలేదు. ఆ మాట పదిమంది రాస్తే ఆ మోడల్ వదిలేయండి. వాట్లు కూడా మీ వాడకాన్ని బట్టే. చట్నీలకు 500 సరిపోతుంది, వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి, పసుపుకొమ్ములు, కారం కొట్టేవాళ్ళు 750 చూడండి. వారంటీ చదివేటప్పుడు "మోటారుకు ఐదేళ్ళు" అని పెద్దగా ఉంటుంది, మొత్తం వస్తువుకు రెండేళ్ళేనని చిన్నగా ఉంటుంది. ఫ్రిజ్‌లో కంప్రెసర్‌కు పదేళ్ళు, మిగతాదానికి ఒక్క ఏడాది, అదీ అంతే.

ఇప్పుడు మన నీళ్ళు. వాటర్ ఫిల్టర్ కొనేవాళ్ళు ముందు నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనండి, రెండు మూడు వందల్లో వస్తుంది. కొళాయి నీళ్ళు వేరుగా, బోరు నీళ్ళు వేరుగా కొలవండి. తాగే నీటికి బీఐఎస్ చెప్పే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్ళు 200 ఉంటే ఆర్వో, అంటే సన్నటి పొర (మెంబ్రేన్) గుండా నీళ్ళను నెట్టి ఉప్పు తీసే ఫిల్టరు ఎందుకు? వచ్చే నీళ్ళలో చాలా భాగం కాలవలోకి పోవడానికా? 900 ఉంటే ఆర్వో కావాలి, కానీ నది నీళ్ళ ఊరాయన "ఫిల్టరు రెండేళ్ళొచ్చింది" అని రాస్తే అది మనకు వర్తించదు, మన బోరు ఉప్పుకు మెంబ్రేన్ ముందే మూసుకుపోతుంది. కొనేముందు ఆ మోడల్ మెంబ్రేను, ఫిల్టర్ల సెట్టు విడిగా ఎంతో వెతకండి. 8,000 పెట్టి కొన్నదానికి ఏడాదికి 4,000 ఖర్చయితే ఐదేళ్ళకు అది 28,000 వస్తువు. 12,000 పెట్టి కొని ఏడాదికి 2,000 అయ్యేదే చవక. గీజర్లకూ, వాషింగ్ మెషీన్లకూ ఇదే మాట. బోరు నీళ్ళ వాళ్ళు రివ్యూల్లో హార్డ్ వాటర్ అని కొట్టి చూడకుండా కొనొద్దు.

మూడోది పిన్‌కోడ్. కంపెనీ సైటులో సర్వీస్ సెంటర్ వెతికేచోట 517501 కొట్టండి, చిత్తూరైతే 517001. సెంటరు పేరు వస్తే మ్యాపులో దాన్ని తెరిచి, దాని రివ్యూలు కొత్తవి ముందు పెట్టుకుని చదవండి. వస్తువుకు వచ్చిన వేల రివ్యూలకంటే మన ఊరి సర్వీసు సెంటరుకు వచ్చిన ముప్పై రివ్యూలు విలువైనవి. మీ వీధిలో మిక్సీలు బాగుచేసే అన్నను కూడా అడగండి, "ఏ కంపెనీ జార్లు, కప్లర్లు దొరుకుతున్నాయన్నా?" అని. ఒక హెచ్చరిక. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకొద్దు, దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నారు. బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో, కంపెనీ సైటులోనో ఉన్న నంబరుకే చేయండి. ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కు ఫోన్.

రేటు సంగతి. 60 శాతం తగ్గింపు అంటారు. దేనిమీద? ఎమ్మార్పీ మీద. ఆ ఎమ్మార్పీకి ఆ వస్తువు ఎప్పుడైనా అమ్మారా? అది చూడాలంటే పాత రేట్ల గ్రాఫు కావాలి. అమెజాన్‌కు కీపా ఉంది, మిగతా సైట్లకు కూడా బైహట్కే లాంటివి ఉన్నాయి. వస్తువు లింకు అందులో పెడితే నెలలవారీగా రేటు గీత వస్తుంది. ఏడాదిలో ఎంతకు దిగింది, ఎన్నిసార్లు దిగింది? మూడుసార్లు దిగితే మళ్ళీ దిగుతుంది, తొందర లేకపోతే ఆగండి, ఆ రేటుకు అలర్టు పెట్టుకోండి. సేల్‌కు రెండు వారాల ముందు గీత పైకి లేచి సేల్ రోజు మామూలు చోటికి వస్తే, తగ్గింపు లేనట్టే. బ్యాంకు కార్డు తగ్గింపు ఆ గీతలో ఉండదు, అది మీరే తీసేసి లెక్కపెట్టాలి.

గ్రాఫులో ఇంకొకటి గమనించండి. 2025 సెప్టెంబరు 22న ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్నుతో 40,000 ఉన్న ఏసీ, అమ్మేవాడు పైసా తగ్గించకుండానే 36,875కు రావాలి. ఆ తేదీ దాటి వెనక్కి పోల్చి "మూడు వేలు తగ్గింది" అంటే ఆ తగ్గింపు పన్నుది. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ 2018 నుంచే 18లో ఉన్నాయి, వాటికి ఆ మెట్టు ఉండదు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఒక్క మాట. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం వస్తువు రేటులో ముందే తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనదే, ప్రాసెసింగ్ ఫీజు మనదే. 30,000కు ఆరు నెలలకు ఏడాదికి 16 శాతం వడ్డీ లెక్కన వడ్డీ సుమారు 1,400, దానిమీద పన్ను 250. ఫీజు 199 అయితే పన్నుతో 235. రెండూ కలిపి దాదాపు ఐదొందలు మన మీదే పడతాయి. పూర్తి డబ్బు కడితే వేరే తగ్గింపు ఉందేమో అదీ చూసుకోండి.

"రెండే మిగిలాయి, పది నిమిషాల్లో అయిపోతుంది" అని గడియారం తిరుగుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఇలాంటి తప్పుడు తొందర పెట్టడం, అడగకుండా బుట్టలో అదనపు వారంటీ వేయడం, ఆఖరి తెరమీద ఛార్జీలు తేల్చడం... ఇవన్నీ 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవాళ్ళను మాయచేసే తెరమీది ఎత్తుల మార్గదర్శకాల్లో నిషేధించిన 13 రకాల్లో ఉన్నవే. డబ్బు కట్టే ముందు ఆఖరి తెర పైనుంచి కిందిదాకా చదవండి. అమ్మేవాళ్ళ పేరు ఎవరిదో, తిరిగిస్తే డబ్బిస్తారా, వస్తువు మార్చడమేనా, ఎన్ని రోజులు... అదే తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లిస్టింగు పేజీ రేపటికి మారిపోవచ్చు. పార్సెల్ వచ్చాక పెట్టె మీది లేబుల్ దగ్గర మొదలుపెట్టి, సీరియల్ నంబరు కనబడేదాకా ఆపకుండా ఒకే వీడియో.

తేడా వస్తే? ముందు ఆ సైటు గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, అది నిబంధన. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్. అదీ కాకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం మన ఊళ్ళోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. ఆ స్క్రీన్‌షాటూ వీడియో అప్పుడు పనికొస్తాయి.

ఏమన్నావు నాయనా? హెల్మెట్... సరే, అడిగింది మంచిదే. ఈ అబ్బాయి ఆన్‌లైన్‌లో నాలుగు వందలకు ఐఎస్ఐ హెల్మెట్ చూశాడట, రేటింగు 4.2, కొనొచ్చా అంటున్నాడు. హెల్మెట్ గట్టిదో కాదో రేటింగు ఇచ్చినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? తల నేలకు కొట్టుకున్నవాళ్ళు రివ్యూ రాయడం లేదు కదా. వాళ్ళు రాసేది రంగు గురించి, సైజు గురించి. దీనికి అడగాల్సిన చోటు వేరు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ అని యాప్ వేసుకో. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని, పక్కన అంకెలు ఉంటాయి. ఆ అంకెలు యాప్‌లో కొడితే ఏ కంపెనీది, ఏ ఊరిది, లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా అన్నీ వస్తాయి. కుక్కర్‌కూ ఇంతే అక్కా, మూత మీదో అడుగునో చూడండి. యాప్‌లో వచ్చిన పేరూ పెట్టె మీది పేరూ ఒకటి కాకపోతే, లేదా నంబరే లేకపోతే, వాడకుండా తిరిగి పంపేయండి. పార్సెల్ వచ్చిన రోజే చూడండి, రిటర్న్ గడువు దాటిపోక ముందే.